ఎనిమిదో ఇల్లు, నాలుగో అంతస్తు

"...చూడకుండా ఎక్కలేరా? లోకంలో అందరూ ఎక్కట్లేదూ? లోపలికెళ్లడం, బటన్ నొక్కడం, గోడకేసి చూస్తూ నిలబడడం. అంతేగా!"

"నీకు అంతే."

"మీకేంటంట ఎక్కువ?"

"నాకు వినపడుతుంది."

"వినపడితే చెవుల్లో దూది పెట్టుకోండి. మీ చెవుల కోసం నా మోకాళ్లు అరగాలా?"

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య మెట్ల మలుపులో ఆగి, భార్యాభర్తలిద్దరూ గొంతులు తగ్గించే పోట్లాడుకుంటున్నారు. కానీ మెట్లదారిలో గుసగుస కూడా పై దాకా వినపడుతుంది. ఒకావిడ పిట్టగోడ మీంచి తొంగిచూసి, "పైకొచ్చి పోట్లాడుకోండమ్మా, మంచినీళ్లయినా ఇస్తాను," అంది.

ఆవిడ పెద్దాసుపత్రిలో రిటైరైన నర్సు. నాలుగో అంతస్తులో ఉన్న తన ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటోంది. వీళ్లిద్దరూ ఆ ఇల్లు చూడడానికి వచ్చారు. ఆయన లిఫ్టు మెకానిక్. ఆ బిల్డింగులో లిఫ్టు ఉంది, నడుస్తోంది కూడా. అయినా ఆయన మెట్లెక్కాడు, భార్యనీ ఎక్కించాడు. గొడవంతా అదే.

ఆయనకి యాభై రెండేళ్లు. ఇరవై ఏడేళ్లుగా ఒకే కంపెనీ. పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసులో ఫిర్యాదుల కాగితం తీసుకుని, సంచి భుజాన వేసుకుని బయల్దేరితే సాయంత్రానికి ఏడెనిమిది బిల్డింగులు తిరిగి వస్తాడు. లిఫ్టు ఆగినప్పుడు క్యాబిన్ నేల, అంతస్తు నేల ఇంచుమించు కలిస్తే చాలనుకుంటారు చాలామంది. ఈయన అలా ఊరుకోడు. మళ్లీ పైన మెషిన్ రూముకెక్కి, బ్రేకు సరిచేసి, దిగొచ్చి, వంగి చూసి గానీ కదలడు. కంపెనీలో ఆయన్ని 'అంగుళం' అంటారు. "అంగుళం ఏడీ?" "ఇంకా అక్కడే. ఏదో తేడా వచ్చిందట." ఆ పేరు మీద ఆయనకి కోపమున్నట్టు ఎవరికీ కనపడలేదు.

పని లేనప్పుడు మాత్రం లిఫ్టు జోలికి పోడు. ఎక్కితే ఎడమచెయ్యి దానంతటదే క్యాబిన్ గోడకి ఆనుతుంది. మోటారు ఎత్తుకునేటప్పటి కుదుపు, కప్పీ మీద తాళ్లు జారే చప్పుడు, ఆగేటప్పుడు బ్రేకు పట్టే శబ్దం... ఏ ఒక్కటి తేడాగా అనిపించినా ఆ పూట కంచం ముందు కూడా దాని గురించే.

"మీకది జబ్బు," అంటుంది భార్య. నిజానికి అనే హక్కు ఆమెకి లేదు. ఆమె కళ్లద్దాల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఎదుటి మనిషి కళ్లద్దాలు ఒక పక్కకి ఒరిగి ఉంటే, ఆ మనిషి మాట్లాడుతుండగానే చెయ్యి చాచి సరిచేసేస్తుంది. ఒకసారి బస్సులో ముక్కూ మొహం తెలియని ఒకాయనకి కూడా చేసింది. ఆయన థ్యాంక్సు చెప్పి పక్క సీటుకి మారిపోయాడు.

పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారారు. మొదటిది చెప్పుల షాపు మీద రెండు గదులు. లిఫ్టు లేదు. మూడేళ్లు హాయిగా ఉన్నారు. రెండో ఇంట్లో దిగిన నెలకే లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల ఒక పెద్దాయన ఇరుక్కున్నాడు. ఈయన పైకి పరిగెత్తి పావుగంటలో ఆయన్ని బయటికి తీశాడు. అందరూ మెచ్చుకున్నారు, టీలు ఇచ్చారు. ఆ మర్నాటి నుంచి లిఫ్టు ఆగినా, మూలిగినా, తలుపు సందులోంచి ఎవరి తాళంచెవి గోతిలో పడినా వీళ్ల గంటే మోగేది. ఏడాది తిరిగేసరికి ఆ బిల్డింగువాళ్లు నెలనెలా డబ్బిచ్చి పెట్టుకున్న మెకానిక్‌ని మానిపించేశారు. ఇంట్లోనే మనిషుండగా బయటివాడెందుకన్నారు. ఆ బయటివాడూ ఈయనా ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. సంగతి తెలిసిన వారానికే సామాన్లు కట్టేశారు.

మూడోదీ నాలుగోదీ అంతే. సంచి చూసో, గోళ్లలో గ్రీజు చూసో ఎవరో ఒకరు కనిపెట్టేవారు. ఐదో ఇంట్లో కుట్టుమిషన్ల కంపెనీలో ఉద్యోగమని చెప్పారు. మూడో రోజుకి గుమ్మం ముందు రెండు కుట్టుమిషన్లు. వాటి పని ఆయనకి రాదు. రాదని చెప్పడానికి లేక నేర్చుకున్నాడు. నెలకి మిషన్లు ఆరయ్యాయి. ఆరో ఇంట్లో అసలేమీ చెప్పలేదు. చెప్పకపోతే జనం ఇంకా ఎక్కువ అడుగుతారని అప్పుడు తెలిసింది. కూతురు హాస్టల్లో ఉండి చదువుకునేది; సెలవులకి బయల్దేరేముందు "ఇప్పుడు మనిల్లెక్కడ?" అని ఫోన్ చేసేది.

ఏడో ఇంటికి ఉపాయం అత్తగారు చెప్పింది. భార్య తల్లి. డెబ్బై ఆరేళ్ల మనిషి, పదేళ్లుగా వీళ్ల దగ్గరే ఉంటోంది.

"ఇన్సూరెన్సు ఏజెంటునని చెప్పండి అల్లుడుగారూ. చచ్చినా గడప తొక్కరు."

తొక్కలేదు. మెట్ల మీద ఎదురైనవాళ్లు కూడా గడియారం చూసుకుని తప్పుకునేవారు. నాలుగేళ్లు ఆయన వేడి వేడిగా భోంచేశాడు.

అలాంటి ఇంటిని యజమాని పడగొట్టి పెద్దది కడతానన్నాడు. మూడు నెలలు గడువిచ్చాడు. భార్య ఆ సాయంత్రమే చెప్పింది. "ఈసారి సామాన్లు కట్టడం ఆఖరు. మళ్లీ కట్టమన్నారంటే మిమ్మల్ని కూడా పెట్టెలో పెట్టి తాడేస్తాను." కొందామంది. ఇద్దరి జీతాలూ చూసి బ్యాంకు ఒప్పుకుంది. అందులో చెప్పుకోవలసింది ఏమీ లేదు.

ఆయన భయం వేరు. "అద్దె ఇంట్లో అయితే నెల ముందు చెప్పి బయటపడొచ్చు. కొన్న ఇంట్లో సంగతి తెలిసిపోతే ఎక్కడికి పోతాం?"

"ఎక్కడికీ పోం. అందుకేగా కొనేది!"

లిఫ్టు లేని ఇల్లే కొందామని ఆయన పట్టుబట్టాడు. పద్నాలుగు ఇళ్లు చూశారు. అత్తగారు పన్నెండు మెట్లెక్కితే కూర్చోవాలి, కూర్చుంటే లేవడానికి ఇంకొకరు కావాలి. కాబట్టి కింది ఇల్లే ఉండాలి. కింది ఇళ్లలో ఒకదానికి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, ఒకదానికి కిటికీయే లేదు. మూడోదాన్ని వీళ్లు సరేననేలోపు ఇంకెవరో కొనేసుకున్నారు. రెండు నెలలు అయిపోయాయి. పదిహేనోది ఈ నర్సుగారిల్లు.

ఇల్లు బాగుంది. నర్సు పొట్టి మనిషి. వంటగట్టు తన ఎత్తుకి కట్టించుకుంది. భార్యకీ అది సరిగ్గా సరిపోయింది. ఆమె గట్టు మీద రెండు చేతులూ ఆనించి కాసేపు అలాగే నిలబడింది. వీధి వైపు గదిలో కిటికీ కిందికంటా ఉంది. కుర్చీలో కూర్చుంటే నాలుగు వీధుల కూడలి మొత్తం కనపడుతుంది.

"బాబుగారు ఏం చేస్తుంటారు?" అంది నర్సు మంచినీళ్లిస్తూ.

"ఇన్సూరెన్సు," అంది భార్య, భర్త నోరు తెరిచేలోపే.

నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకున్నాయి బాబూ. రెండున్నాయి."

ఐదు రోజుల తర్వాత అత్తగారిని తీసుకొచ్చారు. ఆవిడ చూడకుండా సంతకం పెట్టేది లేదని భార్య చెప్పింది. ఈసారి మెట్ల మాటే లేదు. పాతకాలం లిఫ్టు. ప్రతి అంతస్తులో బయట ఒక తలుపు, లోపల క్యాబిన్‌కి మడతల ఇనుప తలుపు. రెండూ చేత్తోనే వెయ్యాలి. ముగ్గురూ లోపలికెళ్లారు. ఆయన గోడకి ఆనకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"చూశావా అమ్మా, ఎంత బుద్ధిగా ఉన్నారో," అంది భార్య.

"వందసార్లు చూశా ఆ బుద్ధి," అంది అత్తగారు. "చెవులు చూడు, పిల్లి చెవుల్లా నిక్కాయి."

రెండో అంతస్తు దాటుతుండగా బయటి తలుపు కొద్దిగా ఊగడం ఆయన చూశాడు. తాళం పడి ఉన్న తలుపు ఊగదు. క్యాబిన్ ఎదురుగా వచ్చి ఆగితే తప్ప ఆ తాళం తెరుచుకోకూడదు. ఏ తలుపు సరిగా పడకపోయినా లిఫ్టు కదలనే కూడదు. ఆయన చెయ్యి ముందుకొచ్చి లోపలి ఇనుప తలుపుని వేలెడు వెడల్పు పక్కకి లాగింది. లిఫ్టు ఆగాలి. ఆగలేదు. అలాగే పైకి వెళ్లింది.

భార్య ఆయన మొహం చూసింది.

అత్తగారు వీధి వైపు గదిలో కుర్చీ జరిపించుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పది నిమిషాల్లో కూడలిలో పళ్లబండివాడికీ సైకిలు రిపేరువాడికీ పడదని తేల్చేసింది. "ఇక్కడైతే నాకు టీవీ అక్కర్లేదే అమ్మాయ్," అంది. నాలుగేళ్లుగా ఆవిడ గది కిటికీలోంచి కనిపించింది నీళ్ల ట్యాంకు ఒక్కటే.

నర్సు టీ పెట్టింది. వెళ్లిపోతున్నాననే ఊపులో ఉందేమో, మాట్లాడుతూనే ఉంది. "ఇరవై రెండేళ్లమ్మా. ఈ బిల్డింగులో నేను సూది వెయ్యని చెయ్యి లేదు. జ్వరమొచ్చినా నా గంటే, దెబ్బ తగిలినా నా గంటే. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపు ఎవరో ఒకరు నిలబడి ఉండేవాళ్లు. ఒకసారి విసుగొచ్చి, పనిమనిషి చేత బయట తాళం వేయించి లోపల కూర్చున్నాను."

"మరి?" అన్నాడు ఆయన.

"సాయంత్రం దాకా తియ్యడం మర్చిపోయింది. తర్వాత అట్టముక్క మీద రాసి తలుపుకి తగిలించాను, ఐదు నుంచి ఆరు వరకే అని. ఎవరూ చదవలేదు."

"మానెయ్యాల్సింది."

"మానెయ్యొచ్చు. మొన్న నాకు కళ్లు తిరిగి పడిపోతే కింద పోస్టుమాస్టరు గారే ఆటోలో తీసుకెళ్లారు. దానికోసం చేశానని కాదు." నర్సు కప్పులు తీసేసింది. "ఆదివారం బిల్డింగువాళ్ల మీటింగుంది. ఆయనే మా సెక్రటరీ. అభ్యంతరం లేదని సంతకం పెట్టి ఉత్తరమిస్తే మీ బ్యాంకు పని అయిపోతుంది. మీరు రావాలి, అందరికీ పరిచయం చేస్తాను. పాలసీల మాట మాత్రం ఎత్తకండి."

దిగేటప్పుడు ఆయన అత్తగారినీ భార్యనీ లిఫ్టులో పంపి, తను మెట్ల మీద వెళ్లాడు. రెండో అంతస్తులో ఒక గుమ్మం పక్కన సరుకుల మూటలు నిలబెట్టి ఉన్నాయి. అక్కడ ఉండేది పచారీ షాపాయన. లిఫ్టు తలుపుకి రెండడుగుల దూరంలో చిన్నపిల్లల మూడు చక్రాల సైకిలు ఉంది. లిఫ్టు కిందికి వెళ్లిపోయాక ఆయన బయటి తలుపు పట్టుకుని లాగాడు. తెరుచుకుంది. ఎదురుగా చీకటి, గ్రీజు వాసన, వేలాడుతున్న తాళ్లు. తాళం కొక్కేన్ని ఆకురాయితో అరగదీసేశారు. మూటలు ఎక్కించేటప్పుడు లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతోందని ఎవరో మెకానిక్ చేత ఆ పని చేయించి, తలుపు పడకపోయినా లిఫ్టు నడిచేలా పైన వైర్లు కలిపించేశారు. ఇలాంటివి ఆయన చాలా చూశాడు. జేబులో ఉన్న ఇనుప తీగ తీసి తలుపు పిడికి, పక్క చట్రానికి కలిపి గట్టిగా మెలిపెట్టాడు.

ఆ సాయంత్రం అత్తగారిని ఇంట్లో దింపి, ఇద్దరూ కూరలు కొనే మిషతో బయటికొచ్చారు. ఆయన మొత్తం చెప్పాడు.

"మీరే ఏదో ఒక మధ్యాహ్నం వెళ్లి బాగుచేసేస్తే? ఎవరికీ తెలియకుండా?"

"వైరు పీకేస్తే లిఫ్టు ఆగిపోతుంది. వాళ్లు మళ్లీ వాణ్నే పిలుస్తారు, వాడు మళ్లీ కలుపుతాడు. అన్ని అంతస్తుల్లోనూ కొత్త తాళాలు పడాలి. చాటుగా అయ్యే పని కాదు."

"చెబితే?"

"నీకెలా తెలుసంటారు."

ఆమె కాసేపు వంకాయలు ఎంచింది. మంచివీ పుచ్చువీ కలిపి ఎంచుతోందని కూరలమ్మి తీసి మార్చింది.

"మా అమ్మ ఆ కిటికీ వదలదు," అంది ఆమె చివరికి. "నేను ఆ గట్టు వదలను. ఇంకో నెలలో ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. మీరేమో ఆ తలుపు వదలరు. ఆకాశరామన్న ఉత్తరం రాద్దాం."

ఆ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆయన చెప్పింది ఆమె రాసింది. ఫలానా అంతస్తు, ఫలానా కొక్కెం, ఎన్నో నంబరు వైరు దేనికి కలిసి ఉంటుంది, బ్రేకు పట్టీ ఎంత అరిగి ఉంటుంది... ఒకటిన్నర పేజీ అయింది. చదివి ఆమె తల పట్టుకుంది.

"దీని కింద మీ ఫొటో కూడా అంటించండి. ఇంత వివరంగా మెకానిక్ కాకపోతే ఎవడు రాస్తాడు?"

ఒక్కో వాక్యం కొట్టేశారు. కొక్కెం పోయింది, వైరు పోయింది, అంతస్తు కూడా పోయింది. మిగిలింది ఇది: 'మీ లిఫ్టు ప్రమాదకరంగా ఉంది. వాడకండి. ఇట్లు, ఒక శ్రేయోభిలాషి.' బుధవారం నర్సుకి బ్యాంకు కాగితాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు మెట్ల కింద ఉన్న సెక్రటరీ పెట్టెలో ఆమె దాన్ని వేసొచ్చింది. రెండో అంతస్తు దాకా వెళ్లి చూసింది కూడా. తీగ ఎవరో విప్పేశారు.

ఆదివారం పదింటికి కింద కార్లు పెట్టే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఇరవై మంది దాకా వచ్చారు. అత్తగారిని కూడా తీసుకొచ్చి స్తంభం పక్కన కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చేవాళ్లకి రెండు పక్కలా రెండేసి కుర్చీలు ఖాళీగా మిగిలాయి. ఇన్సూరెన్సు అన్న మాట అప్పటికే అన్ని అంతస్తులూ తిరిగింది.

సెక్రటరీ పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి. జేబులోంచి ఆ ఉత్తరం తీసి ముందు కవరు తిప్పి తిప్పి చూపించాడు. "స్టాంపు లేదు, ముద్ర లేదు, పంపినవాడి అడ్రసు లేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాలు చూశాను. ఇది ఇంటి ఉత్తరమే. ఎవరో మనవాళ్లే, లిఫ్టు డబ్బులు కట్టడం ఇష్టం లేనివాళ్లు." అని, ఉత్తరం పైకి చదివాడు. అందరూ నవ్వారు.

"వాడకండి అంటే ఎలాగండీ, ఎగిరి వెళ్లాలా?" అన్నాడు పచారీ షాపాయన. ఆయన నవ్వు అందరికంటే పెద్దది. "నా మూటలు దానికి గిట్టవు గానీ, లిఫ్టు రాయిలాంటిది."

"తర్వాతి విషయం," అన్నాడు సెక్రటరీ. "నర్సమ్మగారి ఇల్లు కొనేవాళ్లు వచ్చారు. ఎవరికీ అభ్యంతరం లేదనుకుంటాను."

"అందులో రాసింది నిజం," అన్నాడు లిఫ్టు మెకానిక్.

అన్ని తలలూ తిరిగాయి. భార్య ఒళ్లో ఉన్న సంచిని గట్టిగా పట్టుకుంది.

"ఏది నిజమండీ?"

"లిఫ్టు సంగతి. రెండో అంతస్తు తలుపుకి తాళం పడట్లేదు. క్యాబిన్ లేకపోయినా తెరుచుకుంటుంది."

పచారీ షాపాయన కుర్చీ ఈయన వైపు జరుపుకున్నాడు. "భలేవారు సార్! ముందు భయపెట్టడం, తర్వాత పాలసీ అంటగట్టడం. మా బావమరిదీ ఇదే చేశాడు, చివరికి కుక్కక్కూడా పాలసీ తీయించాడు."

మళ్లీ నవ్వులు. వెనక నుంచి ఎవరో "లిఫ్టుకి కూడా ఇస్తారేమో అడగండి" అన్నారు. సెక్రటరీ చెయ్యెత్తి, "మాస్టారూ, మీ వృత్తి మీది. కానీ మెషిన్ల సంగతి మనకేం తెలుస్తుంది చెప్పండి? మా మెకానిక్ మొన్ననే చూసి వెళ్లాడు. ఇక వదిలేద్దాం," అన్నాడు. మాట మర్యాదగానే ఉంది. ఉత్తరం మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాడు.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. మెట్ల దగ్గర, పైనుంచి వినపడుతున్న మూడు చక్రాల సైకిలు కిర్రుమనే చప్పుడు వైపు చూస్తోంది. తర్వాత ఇటు తిరిగి తల చిన్నగా ఊపింది.

"నేను ఇన్సూరెన్సు ఏజెంటుని కాదు," అన్నాడాయన లేచి నిలబడి. "లిఫ్టు మెకానిక్‌ని. ఇరవై ఏడేళ్ల సర్వీసు. రండి, చూపిస్తాను."

లిఫ్టు అక్కడే, కిందే ఉంది. అది అందరికీ కనపడుతోంది. ఆయన ముందు, వెనక సెక్రటరీ, పచారీ షాపాయన, ఇంకో పదిమంది మెట్లెక్కారు. రెండో అంతస్తులో సైకిలు తొక్కుతున్న పాపని పక్కకి పంపించి, ఆయన లిఫ్టు తలుపు పిడి మీద ఒక్క వేలు వేసి లాగాడు. తలుపు మొత్తం తెరుచుకుంది. అవతల నేల లేదు. సెక్రటరీ తొంగిచూసి గోడ పట్టుకున్నాడు.

పచారీ షాపాయన తన మనవరాలిని ఎత్తుకుని, రెండో చేత్తో సైకిలు తీసుకుని ఇంట్లోకి వెళ్లి, పాపని లోపల దింపి, తలుపు గొళ్లెం పెట్టి వచ్చాడు.

"అది... లిఫ్టు ఊరికే ఆగిపోతోందని..." అన్నాడు.

"ఆగాలి. ఆగడం దాని పని," అన్నాడు మెకానిక్.

సెక్రటరీ దగ్గర మెషిన్ రూము తాళంచెవి తీసుకుని మేడ మీదికి వెళ్లాడు. కాసేపటికి అన్ని అంతస్తుల్లోనూ లిఫ్టు దీపాలు ఆరిపోయాయి. ఆయన చేతులు తుడుచుకుంటూ కిందికి వచ్చేసరికి కుర్చీలన్నీ వీళ్ల దగ్గరికి జరిగిపోయి ఉన్నాయి. ఒకావిడ అత్తగారికి మంచినీళ్లు ఇస్తోంది. నర్సు భార్య పక్కన కూర్చుని, "ఇన్సూరెన్సట ఇన్సూరెన్సు. నాకు కూడా చెప్పలేదు," అంటోంది. ఆమె గొంతులో కోపం లేదు.

"ఎన్నాళ్లు పడుతుందండీ?" అన్నాడు సెక్రటరీ.

"ఐదంతస్తులకీ తాళాలు, బ్రేకు పట్టీలు, ఒక తాడు. తెప్పించి వెయ్యడానికి ఆరేడు వారాలు. అందాకా నడపకూడదు."

కుర్చీల్లో గోల మొదలైంది. సెక్రటరీ గోల తగ్గేదాకా ఆగి, గొంతు సర్దుకున్నాడు.

"చూడండి మాస్టారూ, నేను సూటిగా అడుగుతాను. ఇంత తెలిసిన మనిషి మన బిల్డింగుకే వస్తుంటే ఇక బయటి మెకానిక్ ఎందుకు? వాడు చేసిన నిర్వాకం చూశాం. మీరే చూసుకుంటానంటే ఉత్తరం మీద ఇప్పుడే సంతకం. ఎవరు కాదంటారు?"

ఎవరూ కాదనలేదు.

"అలా అని మీకు నష్టం లేదు," అన్నాడు పచారీ షాపాయన, కొంచెం తగ్గిన గొంతుతో. "సరుకులు నేను ఇంటికి పంపిస్తాను."

"అయితే ఈ ఆరు వారాలూ పెద్దావిడ సంగతేమిటి? నాలుగో అంతస్తు కదా," అంది నర్సు.

అత్తగారు తలెత్తింది. "నా సంగతి నాకు తెలుసు. ఎక్కడం ఒక్కసారే. ఎక్కాక కిటికీ ఉంది. దిగే పనేముంది నాకు?"

"అమ్మా, నలభై ఎనిమిది మెట్లు!" అంది భార్య.

"లెక్కపెట్టావా?" అంది ఆవిడ. "మలుపుకో కుర్చీ వేయించు. ఒక పూటంతా ఎక్కుతాను. దారిలో అందరూ పరిచయమవుతారు."

సెక్రటరీ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. లిఫ్టు మెకానిక్ మెషిన్ రూము తాళంచెవిని చేతిలో ఒకసారి తిప్పి, ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

"ఒకటో తారీఖున దిగుతున్నాం," అన్నాడు. "తాళాలు మా కంపెనీ నుంచి వచ్చిన వాళ్లే వేస్తారు, దానికి బిల్లు వస్తుంది, మీరు కట్టాలి. ప్రతి నెలా చూసే మెకానిక్‌ని కూడా డబ్బిచ్చే పెట్టుకోవాలి, ఈసారి సరైనవాణ్ని నేను చూపిస్తాను. అతను చేసి వెళ్లిన పని మాత్రం ప్రతి ఆదివారం నేను చూస్తాను. ఈ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."